కదిలేదాకే కష్టం

ఎనిమిదో తరగతికి ఘర్షణ పాఠం చెప్పే పంతులుకు ప్రయోగశాలతో పని లేదు. బదిలీ ఉత్తర్వు చేతికొస్తే చాలు. జనగామ, మానుకోట, భూపాలపల్లి ఒకప్పుడు మాకు వరంగల్ జిల్లాయే. 2016లో మూడూ మూడు జిల్లాల కింద విడిపోయాయి గానీ మా బీరువా బరువు మాత్రం ఒక్క కిలో తగ్గలేదు.

జనగామలో ఇల్లు ఖాళీ చేసేనాడు ఆ బీరువాను అందరం కలిసి నూకాం. ఊహూఁ. "బావా, నూకుతున్నవా, ఒరుగుకొని నిలవడ్డవా?" అన్నాడు బామ్మర్ది. స్థైతిక ఘర్షణ గుణమే అంత. మనం ఎంత బలం పెడితే తానూ అంతే బలంతో ఎదురు నిలుస్తుంది, హద్దు దాటేదాకా వదలదు. పక్కింటి నుంచి మరో ఇద్దరొచ్చారు. ఒకాయన చెయ్యి వేశాడు, ఇంకొకాయన సలహా వేశాడు. కదిలింది! కదిలాక మిగిలేది జారుడు ఘర్షణ. అది స్థైతికం కన్నా తక్కువ కాబట్టి బీరువా గచ్చు మీద గీత గీసుకుంటూ గడప దాకా వచ్చింది. ఆ గీతకు ఓనరు అడ్వాన్సులో కోత పెట్టాడు.

"పడుకోబెడితే నేలకు ఎక్కువ తగుల్తది, ఇంకా బిగుస్తది" అన్నాడు సలహాల పెద్దమనిషి. తగిలే వైశాల్యంతో నిమిత్తం లేదు, అదిమే బరువే ముఖ్యమని ఫ్రాన్సులో అమొంటన్ 1699లోనే తేల్చాడు. అందుకని లోపలి బట్టలు తీసేద్దామన్నాను. మా ఆవిడ ససేమిరా అంది, మడతలు చెడతాయట. భౌతికశాస్త్రం అక్కడితో ఆగింది.

మానుకోటలో నా పాఠశాల రైల్వే ప్లాట్‌ఫారమే. కాజీపేట–విజయవాడ లైను మీద గూడ్సు బండ్లు పోతుంటే పిల్లలకు లెక్క చెప్పేవాణ్ని. ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రం దొర్లేటప్పుడు అడ్డుపడే బలం మోస్తున్న బరువులో వెయ్యింట ఒకటి రెండు వంతులే. అంటే చదునైన పట్టాల మీద కదులుతున్న అరవై టన్నుల పెట్టెను అలాగే నడిపించడానికి నూరు కిలోల బరువంత బలం చాలు. "సార్, మరి మీ బీరువకు చక్రాలు పెట్టకపోయిన్రా?" అన్నాడొకడు. గంట కొట్టేశారు, బతికిపోయాను. నున్నదనం మరీ ఎక్కువైనా కష్టమే. వానకు పట్టాలు జారితే ఇంజను తన చక్రాల ముందు తానే ఇసుక చల్లుకుంటుంది.

భూపాలపల్లికి వచ్చాక ప్రవాహి ఘర్షణ చూడాలంటే కాళేశ్వరం వెళ్లి గోదావరిలో మోకాలి లోతున నడిస్తే చాలు. మెల్లగా నడిస్తే నీళ్లు దారిస్తాయి, ఉరికితే కాళ్లు పట్టుకుంటాయి. చెల్పూరులో 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రం ఉంది. అలాంటి కేంద్రాల్లో బొగ్గు బెల్టు మీద ఎగువకెక్కేది స్థైతిక ఘర్షణ పుణ్యానే. వాలు మితిమీరితే పట్టు తప్పి వెనక్కి జారుతుంది. మనం తిట్టుకునే మొండితనమే అక్కడ కూలి లేకుండా బొగ్గు మోస్తోంది, మన ఫ్యాను తిప్పుతోంది.

పరీక్షలో స్థైతిక ఘర్షణకు నిత్యజీవితంలోంచి ఉదాహరణ అడిగాను. ఒక పిల్ల ఇలా రాసింది: "మా అన్న పొద్దున మంచం దిగడు. అమ్మ ఎంత గుంజితే అంత బిగుసుకుంటడు. హద్దు: చెంబెడు నీళ్లు."

నిర్వచనంలో లోపం వెతికాను. దొరకలేదు. పూర్తి మార్కులు వేశాను.