ఎనిమిది నిమిషాల అమెరికా

కరీంనగర్ టవర్ సర్కిల్ కాడ ఎండకాలం మిట్టమధ్యాహ్నం మెడదాక జిప్పు గుంజిన జాకెట్‌తోని ఒక పోరడు కనబడితే, పాపం చలిజ్వరమొచ్చిందేమో అనుకోకుండ్రి. ఆ జాకెట్ వీపు మీద అమెరికల ఉన్న ఏదో తెలుగు సంఘం పేరుంటది. మెడల రిబ్బనుకు ఒక బిళ్ళ ఏలాడుతుంటది. బిళ్ళ మీద పోరని ఫోటో, ఫోటో కింద ఇంగ్లీషుల 'ఆర్టిస్ట్' అని పెద్దక్షరాలు. ఆ సంఘం పండుగ అయిపోయి నెలలు గడిచినా ఆ బిళ్ళ మెడ దిగదు. తానం చేసేటప్పుడన్న తీస్తడా అని వాళ్ళవ్వనడిగితే, "ఏమో బిడ్డా, తలుపేసుకుంటడు గదా" అన్నది.

వీడు ఒక్కడే ఉంటడనుకోకుండ్రి. పేరుకు డిగ్రీల అడ్మిషన్, పనికి ఒగ్గుడోలు బృందం, జన్మల ఒక్కసారి సముద్రం దాటొచ్చిన అనుభవం – ఈ మూడు కలిసిన ప్రతి పోరడు ఇట్లనే తయారైతడు. అసలు పేరు హాజరు పట్టీల ఉంటది. ఊళ్ళె అందరికి వాడు 'అమెరికా'. "అమెరికా, జర బర్రెను కట్టేసి రాపో" అని వాళ్ళ బాపు సుత అట్లనే పిలుస్తడు.

వాడు ఎట్ల పోయిండో చెప్పాలంటే ముందు డోలు సంగతి చెప్పాలె. మా దిక్కు ఒగ్గోళ్ళు మల్లన్నకు, బీరప్పకు పూజార్లు. కురుమోళ్ళ ఇండ్లల్ల, గొల్లోళ్ళ ఇండ్లల్ల రంగుల పొడులతోని పట్నమేసి, డోళ్ళు, తాళాలు, నపీర పెట్టుకోని కథ ఎత్తుకుంటే తెల్లారి కోడి కూసేదాక కథ నడుస్తది. ప్రధాన కథకుడు ఒక్కడే మల్లన్న అయితడు, ఆ ఘడియలనే మేడలమ్మ అయితడు, ఇంకో ఘడియకు ఆమె అన్న అయితడు. అమెరికా వాళ్ళ తాత అసొంటి కథకుడే. మనుమనికి ఆ నోరు రాలేదు. వచ్చింది డోలు. అది తక్కువేం కాదు, డోలు కట్టుకోని ఎగిరెగిరి కొడుతుంటే చూసేటోళ్ళ కాళ్ళు ఆగయి. తెలంగాణ వచ్చినంక జూన్ 2 పండుగకు, బోనాలకు, మంత్రుల స్వాగతాలకు ముప్పై నలభై డోళ్ళు వరుసగ నిలబెట్టుడు రివాజయింది. వరుసలు ఒక్క తీరుగ మోగుతయి, మెల్లగ ఒకని భుజాల మీద ఒకడెక్కి పిరమిడ్ కడతరు, పైనున్నోడు డోలు కొడుతనే ఉంటడు.

అమెరికాకు మనోడు ఎందుకు ఎంపికయిండంటే చెయ్యి తిరిగినందుకు కాదు, భుజాలు గట్టిగున్నందుకు. పిరమిడ్‌ల వాడు అడుగు వరుస, నట్టనడుమ. మీద ఇద్దరి పాదాలుంటయి, వాళ్ళ మీద ఇంకొకని పాదాలుంటయి. ఆ బరువు కింద పండ్లు గిట్ట కరుసుకోని, మెడ లోపలికి గుంజుకోని నిలబడుడే వాని కళ. ఆ నిలబడే నిమిషంల వాడు డోలు ముట్టుకోడు. చేతులు పక్కోళ్ళ భుజాల మీద ఉంటయి గదా.

పాస్‌పోర్టు దగ్గర మొదటి తిప్పలు మొదలయినయి. పదో తరగతి మెమోల ఇంటిపేరు ముందట, ఆధార్‌ల ఇంటిపేరు ఎనుక, ఓటరు కార్డుల ఇంటిపేరే లేదు. ముగ్గురు మనుషులకు కలిపి ఒక పాస్‌పోర్టు కావాలన్నట్టయింది. అన్నీ సరిచేసుకున్నంక విచారణకు కానిస్టేబుల్ ఇంటికొచ్చిండు. ఊరంత జమైంది. కరీంనగర్ జిల్లాల పాస్‌పోర్టు కొత్త ముచ్చట కాదు. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి – మూడు బాయిలల్ల పెరిగిన జిల్లా ఇది. కాకపోతే ఇక్కడ పరదేశం పోవుడంటే ఒకటే లెక్క: ఏజెంటుకు అప్పు చేసి కట్టాలె, రెండేండ్లు కనబడొద్దు, వచ్చేటప్పుడు మందం దుప్పటి, సెంటు సీసలు, ఖర్జూరం తేవాలె.

అందుకే మేనమామ వచ్చి అడిగిండు. "కంపెనీ వీసానా, ఆజాద్ వీసానా అల్లుడా?"

"గవేం కాదు మామా, పీ-త్రీ."

"గదేం వీసారా, ఎన్నడినలే?"

"ఒక జాతికి సొంతమైన కళ చూపెట్టెటోళ్ళకు ఇచ్చే వీసానట."

"జీతమెంత?"

"జీతముండది మామా. పోయి డోలు కొట్టొచ్చుడే."

మేనమామ శానసేపు ఆలోచన చేసిండు. తరవాత వాళ్ళ బాపును పక్కకు తీస్కపోయి, పోరడు ఏజెంటు చేతిల మోసపోతుండని మెల్లగ చెప్పిండు.

వీసా ముచ్చట అమెరికా నోట ఇనాలె. హైదరాబాద్ కాన్సులేటుల అద్దం అవుతల దొరసాని కూసోని, ఏం వాయిస్తవని అడిగిందట. డోలు లోపలికి రానియ్యలే. మనోడు అద్దం ముందటి బల్ల మీద రెండు చేతులతోని దరువేసి, నోటితోని మోత కలిపిండట. ఎనుక వరుసల నిలబడ్డ సాఫ్ట్‌వేర్ పోరలు కూడ కాలు కదిపిండ్రట. అంతల గన్నుమెన్ వచ్చి చెయ్యి పట్టిండట. దొరసాని నవ్వి ముద్ర కొట్టిందట. ఈ కథ ఒక్కో చాయ్ హోటల్‌ల ఒక్కో తీరుగ ఉంటది. జమ్మికుంటల చెప్పినప్పుడు దొరసాని లేచి చప్పట్లు కొట్టింది. జగిత్యాల చేరేసరికి లేచి రెండడుగులేసింది. తాత నోరు మనుమనికి రాలేదని పైన అన్న గదా, ఆ మాట జర వాపసు తీసుకోవాలె.

సామాన్ల తూకం ఇంకో యుద్ధం. ఒక్కో పెట్టెకు ఇరవై మూడు కిలోలు. డోలు పెట్టెల పట్టదు, పెట్టె డోలుల పట్టదు. వాళ్ళవ్వ మాత్రం డోలు లోపల గోనెపట్ట కుక్కి, నడుమ సకినాల డబ్బా పెట్టొచ్చని కనిపెట్టింది. శంషాబాద్ ఎక్స్‌రేల డోలు కడుపుల గుండ్రంగ చుట్టలు చుట్టలు కనబడ్డయి. ఇప్పి చూపెట్టుమన్నరు. చూపెట్టిండు. తిని చూపెట్టుమన్నరు. అదీ చేసిండు.

దుబాయిల విమానం మారాలె. ముప్పై మంది ఒక్క తీరు జాకెట్లు ఏసుకోని నడుస్తుంటే, నేల తుడుస్తున్న ఒకాయన కట్టె ఆపి, "తమ్మీ, ఏ ఊరు?" అని అడిగిండట. మానకొండూరు అన్నడు. ఆయనది కోరుట్ల దిక్కు. మూడేండ్లయిందట ఇంటికి పోక. "మల్లన్న పట్నాలు ఈయేడు మంచిగయినయా?" అని అడిగిండట. మనోడు ఫోన్ల వీడియో తీసి చూపెట్టిండు. ఆయన నిలబడి మొత్తం చూసిండు, సూపర్‌వైజర్ వస్తుంటే కట్టె అందుకున్నడు. ఈ ముచ్చట ఏ ఊళ్ళె చెప్పినా పోరడు మసాలా కలపడు. అందుకని ఇది నిజమని నా నమ్మకం.

అమెరికా ఉత్సవాలకు లెక్కుంటది. తానా సంఘం ఒక ఏడు, ఆటా సంఘం ఒక ఏడు, ఎక్కువసార్లు జూలై నాలుగు సెలవులు పట్టుకోని పెద్ద సభలు పెడతరు. వేల మంది. మనోళ్ళ సంఘం కూడ అసొంటిదే. హోటల్ గదిల దిగంగనే బృందం పెద్ద డోళ్ళకు బొట్లు పెట్టి సాంబ్రాణి ఏసిండు. పొగ గంట మోగింది. అన్ని అంతస్తుల జనం చడ్డీల మీద రోడ్డెక్కిండ్రు. మంటలార్పే బండి గూడ వచ్చింది. మనోడు ఆ బండి ముందట ఫోటో దిగిండు. ఇంకో కష్టమేందంటే అక్కడ డోళ్ళ తోలు మెత్తబడి మోత తగ్గింది. మన దగ్గరయితే ఎండకు పెడతరు. అక్కడ తానం చేసే గదిల ఎంటికలు ఆరబెట్టుకునే మిషన్ దొరికింది. ముప్పై డోళ్ళకు ఒక్కొక్కదానికి తలస్నానం చేసిన ఆడిపిల్లకు చేసినట్టు వేడిగాలి పట్టిండ్రు.

ఇగ స్టేజీ. ఒక సినిమా పాటగత్తెకు, ఒక నగల దుకాణం ప్రకటనకు నడుమ ఎనిమిది నిమిషాలిచ్చిండ్రు. అవుట్ అని చెప్పెటానికి ఒకామె గడియారం పట్టుకోని పక్కన్నే నిలబడ్డది. ఇరవై గంటలు పైన ఎగిరిపోయి ఎనిమిది నిమిషాలు కింద ఎగిరిండ్రు. అయినా ఆ ఎనిమిది నిమిషాలు హాలు దద్దరిల్లింది, ఆ మాట ఒప్పుకోవాలె. కోటేసుకున్న డాక్టర్లు, పట్టుచీరలల్ల అమ్మలు కుర్చీలు దిగి ఎగిరిండ్రట.

"అమెరికోళ్ళు మస్తు ఖుషయిండ్రా?" అని అడిగిన నేను.

"అమెరికోళ్ళేడున్నరు కాకా? అంత మనోళ్ళే. పెద్దపల్లోళ్ళు, గుంటూరోళ్ళు. మీటింగు కాడ మొత్తం చూస్తే ఒక్కడే తెల్లోడు. వాడు కరెంటు పని చెయ్యవచ్చిండు."

తిండి కూడ బగార అన్నం, గుత్తొంకాయ. పన్నెండు దినాలల్ల వాడు అమెరికను చూసింది బస్సు కిటికీలకెల్లి.

ఇక్కడ నాకొకటి అనిపిస్తది. 1990ల మారిషస్‌ల మూడో ప్రపంచ తెలుగు మహాసభలయితే వేములవాడ పక్క హన్మాజిపేట మిద్దె రాములు పోయి ఒగ్గుకథ చెప్పొచ్చిండు. కవి సినారె పుట్టిన ఊరే అది. ఒక్క ఊరు ఒక జ్ఞానపీఠాన్ని, ఒక ఒగ్గు కథకున్ని కన్నది. అప్పుడు సముద్రం దాటింది కథ. డోలు దాని తోడు పోయింది. ఇప్పుడు డోలొక్కటే విమానమెక్కుతుంది, కథ ఇంటికాడ ఉంటుంది. వినెటోళ్ళకు తెలుగు రాదా అంటే, హాలు నిండ తెలుగోళ్ళే. లేనిది టైము. అయితే పోరని మీద నాకు కోపం లేదు. వాడు పెట్టిన లెక్క కాదది.

వీనికి హాస్టల్‌ల ఒక దోస్తు ఉన్నడు, ఆదిలాబాద్ దిక్కు, జైనూర్ పక్క గోండు గూడెం పోరడు. గోండుల గుస్సాడి ఆట బృందంతోని వాడూ ఒకపారి బయటి దేశం పోయొచ్చిండు. గుస్సాడికి మార్లవాయి కనకరాజు పెద్ద దిక్కుగుండె. 1981ల ఢిల్లీ గణతంత్ర పండుగల ఆడించిండు, 2021ల పద్మశ్రీ వచ్చింది, 2024ల కన్నుమూసిండు. దీపావళికి దండారి పండుగ దినాలల్ల గుస్సాడి ఏషం కట్టినోళ్ళు పండుగ ముగిసేదాక తానం చెయ్యరు, మంచమెక్కరు. ఆ నియమం ఉన్న ఏషాన్ని నెమలీకల కిరీటంతోని విమానమెక్కించాలె. పెట్టెల పెడితే ఇరుగుతది, పైన అరల పట్టదు. పైగ నెమలి జాతీయ పక్షి, 1972 వన్యప్రాణుల రక్షణ చట్టం కింద ఉన్నది. ఈకలు రాలినయా, పీకినయా అని ప్రతి గేటు కాడ అడిగిండ్రట. ఆ పోరన్ని విదేశం ముచ్చట చెప్పుమంటే మూడే మాటలు: "పోయినం, ఆడినం, వచ్చినం." మా అమెరికాకు వాడంటే మహా మంట. "గంత కిరీటం పెట్టుకోని గంత తక్కువ మాట్లాడుతడేంది కాకా" అని వాని బాధ.

వాపసు వచ్చిన దినం ఇంటికాడ ఇంకో ఆట. పన్నెండు దినాలకే వచ్చిండంటే ఊరు ఏమనుకోవాలె? "కంపెనీ ఇడిచి కల్లివెల్లి అయిండా? పట్టుకోని పంపిండ్రా?" అని ముసలోళ్ళు పరామర్శకు వచ్చిండ్రు. ఒకామె కన్నీళ్ళు కూడ పెట్టుకున్నది. దుప్పటి లేదు, సెంటు లేదు. మనోడు తెచ్చింది చాక్లెట్లు, హోటల్ గదిల ఇచ్చిన చిన్న చిన్న షాంపు సీసలు. మేనత్తకు ఒక సీస ఇస్తే ఆమె తిప్పి తిప్పి చూసి, "చెవుల పోసుకునేదా కొడుకా?" అన్నది.

రుజువుకు ఫోటో చూపెట్టిండు. పెద్ద స్టేజీ, రంగుల లైట్లు, పిరమిడ్ మీద ఒకడు డోలెత్తి నవ్వుతుండు.

"నువ్వేడున్నవ్‌రా?"

"గా కుడిదిక్కు మోకాలు కనబడ్తుంది గదా?"

"నీదా?"

"కాదు. దాని ఎనుక చెవ్వున్నది చూడు. గది నాది."

కాలేజీల ఇంటర్నల్ పరీక్ష పోయింది, హాజరు పడిపోయింది. సంఘం వాళ్ళిచ్చిన ప్రశంసాపత్రం పట్టుకోని ప్రతి సారు టేబుల్ కాడ నిలబడ్డడు. ఒక సారు పత్రం మొత్తం చదివి, పేరు తప్పు పడ్డదని చూపెట్టిండు. ఇంటిపేరు మళ్ళ ఎనుకకు పోయింది.

ఊళ్ళె పట్నాల రాత్రి మాత్రం జర గడబిడయింది. అమెరికా మైకు ముందట నిలబడి "సౌండ్ చెక్, సౌండ్ చెక్" అన్నడు. తరవాత తాత చెవుల, "తాతా, కథ షార్ట్ చెయ్యి. అక్కడ ఎనిమిది నిమిషాలే ఇస్తరు" అన్నడు.

తాత డోలు తాడు బిగిస్తనే, "ఎనిమిది నిమిషాలల్ల మల్లన్న మేడలమ్మ ఊరి పొలిమేర సుత చేరడు. పెండ్లెప్పుడు చేద్దామంటవ్‌రా?" అన్నడు. ఆ రాత్రి పెండ్లయ్యేసరికి మూడు కొట్టింది. అమెరికా నిలబడి డోలు కొడుతనే ఉన్నడు, జాకెట్ తీసి ఎక్కడ్నో పారేసిండు.

ఇప్పుడు ఆస్ట్రేలియా పిలుపు వస్తదని బృందంల మాట నడుస్తుంది. ఆ దేశంల తోలు, కట్టె, తిండి ఏది తెచ్చినా ముందే రాసియ్యాలె, చూసి నచ్చకుంటే ఆపుతరు. అందుకని ప్లాస్టిక్ మూతల డోళ్ళు కొందామంటుండ్రు. ఖర్చు తగ్గిచ్చుకోను మనుషులను కూడ తగ్గిస్తరట, చిన్న పిరమిడ్‌కు అడుగు వరుస నిండిందట. పైన ఒక్క జాగ ఉన్నది, కాకపోతే బరువు తగ్గాలె. మా అమెరికా రోజు పొద్దుగాల మానేరు డ్యాము కట్ట మీద ఉరుకుతుండు. పొద్దుమూకి సర్వపిండి పెడితే పళ్ళెం జరుపుతుండు.

"గల్ఫు పోయెటోళ్ళు సుత ఇంత కడుపు మాడ్చుకోరు అల్లుడా" అని మేనమామ అన్నడు.

"పైకెక్కితే మొకం కనబడ్తది మామా."

అన్నది నిజమే. కానీ రాత్రి అందరు పండుకున్నంక వంటింట్ల సకినాలు పటపట ఇరిగే సప్పుడు ఇనబడ్తుందని వాళ్ళవ్వ చెప్తది. లేచిపోయి చూస్తే డబ్బా మూత ఏసే ఉంటదట.