చెల్లని స్టాంపుల మాస్టారు

చోడవరంలో బెల్లం ధర ఎవరినడిగినా చెబుతారు. గోవాడ చక్కెర ఫ్యాక్టరీ కబుర్లు టీకొట్టు దగ్గరే తెలిసిపోతాయి. చైనా స్టాంపు ధర కావాలంటే మాత్రం స్టాంపుల మాస్టారి గుమ్మం ఎక్కాల్సిందే. ఆయన లెక్కల మాస్టారిగా రిటైరయ్యారు. ఆ సంగతి శిష్యులే మర్చిపోయారు.

దేశం కుదురుగా ఉన్న రోజుల స్టాంపులంటే ఆయనకు చిన్నచూపు. రాజ్యం మారాలి, నోటు మారాలి, పాత బొమ్మ మీద కొత్త పేరు అడ్డంగా అచ్చుపడాలి. అప్పుడు గానీ భూతద్దం బయటికి రాదు. నిజాం తపాలా 1950 ఏప్రిల్ 1న భారత తపాలాలో కలిసిపోయిందా? మాస్టారి ఆల్బమ్‌లో ఇంకా కలవలేదు. అక్కడ హైదరాబాదు ఇప్పటికీ పరదేశమే. 1931 నాటి అణా చార్మినారు, రెండణాల హైకోర్టు, నాలుగణాల ఉస్మాన్‌సాగర్ వరసగా కూర్చుని ఉంటాయి. పన్నెండణాల బీదరు మదరసా ఉండాల్సిన గడి ఖాళీ. ఆ ఖాళీ ఎందుకని అడక్కండి, పొద్దుపోతుంది. యానాం ముద్ర పడ్డ ఫ్రెంచి ఇండియా కవరు కూడా ఒకటుందంటారు. చూసినవాళ్ళెవరూ నాకు తగల్లేదు.

అన్నిటికన్నా ముద్దు చైనా. అంతర్యుద్ధంలో మావో సైన్యాలు ఒక్కో ప్రాంతం పట్టుకుంటూ పోతే, ఎక్కడికక్కడ వేరే స్టాంపులు వేసుకున్నారు. ఈశాన్యం, ఉత్తరం, తూర్పు, వాయవ్యం, నైరుతి... వాస్తు సిద్ధాంతి కూడా ఇన్ని దిక్కులు చూడడు. 1949 అక్టోబరు 1న కొత్త ప్రభుత్వం వచ్చాక కూడా ఈశాన్యంలో డబ్బు వేరుగానే నడిచింది. అందుకని అవే బొమ్మల్ని అక్కడికి విడిగా అచ్చేశారు, నాలుగక్షరాలు అదనంగా చేర్చి: ఈశాన్యంలోనే అతికించాలి అని. అక్కడ చౌకగా కొని ఇంకోచోట అతికించే ఘనులు ఉంటారు కదా! మాస్టారికి చైనా భాషలో ఆ నాలుగక్షరాలే వచ్చు. అడిగితే చూపుడువేలితో గాల్లో ముగ్గేసినట్టు రాసి చూపిస్తారు. అడక్కపోయినా చూపిస్తారు.

పైగా తొలినాటి స్మారక స్టాంపుల్ని 1955లో సేకరణదారుల కోసం మళ్ళీ అచ్చేశారు. అసలుకీ మారు అచ్చుకీ తేడా ఏ గీతలోనో, చుక్కలోనో ఉంటుంది. ఆ చుక్క కోసమే మాస్టారు తొందరపడి కంటి ఆపరేషన్ చేయించుకున్నారు. "ఇప్పుడు పేపరు చదవగలుగుతున్నారా?" అని డాక్టరు అడిగితే, "పేపరెవడిక్కావాలండీ!" అన్నారట.

మొన్నామధ్య వడ్డాది వైపు కుర్రాడొకడు, తాత బర్మాలోని రంగం నుంచి తెచ్చిన ట్రంకుపెట్టెలో దొరికిందని ఓ స్టాంపు పట్టుకొచ్చాడు.

"మాస్టారూ, దీని మీద అయిదు లక్షలేసుంది. మనకెంతొస్తాది?"

చైనా నాయకుడు సన్ యట్ సెన్ మీసాల బొమ్మ. మాస్టారు దాన్ని పట్టకారుతో తీశారు, వెలుతురుకి పెట్టారు, అంచు పళ్ళు స్కేలు మీద కొలిచారు, నిట్టూర్చారు. ఈలోగా కుర్రాడు మనసులో బుల్లెట్ బండి కొని అనకాపల్లి దాకా వెళ్ళొచ్చాడు.

"1948 సరుకు నాయనా. అప్పుడక్కడ డబ్బు అలా చితికిపోయింది. ఆగస్టులో నోటే మార్చేశారు. ఇవి గంపలకొద్దీ దొరుకుతాయి."

"మరెంతండీ?"

"కేటలాగులో అట్టడుగు ధర. అది కూడా స్టాంపుకి కాదు, వెతికి తీసిచ్చిన కొట్టువాడి శ్రమకి."

"ఎనకాల జిగురు లేదనా?"

"పాపం, జిగురు పోవడం కాదు. దానికి పుట్టుకతోనే లేదు."

కుర్రాడు విసుగెత్తి "మీరే ఉంచేసుకోండి" అని వెళ్ళిపోయాడు. ఆల్బమ్ సగం ఇలా నిండిందేనని గిట్టనివాళ్ళంటారు. నేను గిట్టనివాణ్ణి కాను గానీ, ఆ నిట్టూర్పులో కాస్త అభ్యాసం కనిపించిన మాట నిజం.

ఇల్లాలి లెక్క వేరు. "కేటలాగు ప్రకారం మేం లక్షాధికారులం బాబూ. గ్యాసుబండ మాత్రం పెన్షన్‌లోంచే వస్తుంది."

2022 ఏప్రిల్ 4న చోడవరం విశాఖ జిల్లా నుంచి విడిపోయి అనకాపల్లి జిల్లాలో పడింది. ఏ కాగితానికి ఏ ఆఫీసుకెళ్ళాలో తెలీక ఊరు తలపట్టుకుంటే, మాస్టారి మొహానికి పెళ్ళికళ వచ్చింది. చైనా దాకా పోనక్కర్లేదు, సంధికాలం వీధిలోకే వచ్చేసింది! అప్పటినుంచీ శుభలేఖలు, రసీదులు, బిల్లులు పోగేస్తున్నారు. షరతు ఒక్కటే: తేదీ కొత్త జిల్లాది కావాలి, పేరు పాత జిల్లాది కావాలి. పెళ్ళిళ్ళకు వెళ్ళి అక్షింతలు వేస్తారో లేదో తెలీదు గానీ, కార్డు మాత్రం మడత పడకుండా అడిగి తెచ్చుకుంటారు.

ఆ మధ్య ఓ ఆఫీసులో గుమాస్తా సొరుగు సర్దుతుంటే విశాఖపట్నం జిల్లా అని ఉన్న పాత రబ్బరు స్టాంపు బయటపడింది. మాస్టారు జేబులోంచి తెల్లకాగితం తీసి, ఆ రోజు తేదీ వేసి, ఒక్క ముద్ర కొట్టమన్నారు.

"పాతది మాస్టారూ, ఇది కొడితే చెల్లదు."

"చెల్లకూడదనే కదా బాబూ నేనడిగేది!"