బుగులు పడ్డ కుక్కకు ఈ చిట్కాలు వద్దు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దిక్కు మీ కుక్క బుగులు పడుతోందని ఎవరికైనా చెప్పి చూడండి. చాయ్ హోటల్ కాడ కూర్చున్నవాళ్లలో ఒకరు "పచ్చిమిరపకాయ తినిపియ్యి, రోషమొస్తది" అంటారు. ఇంకొకరు "రెండు రోజులు చీకటి అర్రల ఎయ్యి" అంటారు. అందరూ మన మేలు కోరే చెప్తారు. కానీ ఈ సలహాలలో ఒక్కటీ భయాన్ని తగ్గించదు. కొన్నిటితో కుక్క పాడవుతుంది, కొన్నిటితో ఇంట్లోవాళ్ల చేతికి గాట్లు పడతాయి.

సిరిసిల్లలో చెప్పే సలహా ఒకటుంది: "సాంచాల కాడ కట్టెయ్, సప్పుడుకు అదే అలవాటైతది." సాంచాల, అంటే మరమగ్గాల మధ్య పుట్టిపెరిగిన ఊరు కాబట్టి ఈ మాట సబబుగానే తోస్తుంది. అయితే సాంచాలు నడిపే కార్మికుడికి ఆ చప్పుడు ఎక్కడి నుంచి వస్తోందో తెలుసు, షిఫ్టు ఎప్పుడు దిగుతాడో తెలుసు, తల దిమ్మెక్కితే బయటికొచ్చి నిలబడగలడు. గొలుసుతో కట్టేసిన కుక్కకు ఈ మూడూ లేవు. పైగా మనిషి చెవి 20 వేల హెర్ట్జ్ దాకా వింటే, కుక్క చెవి సుమారు 45 వేల దాకా వింటుంది. మనకు అందని కీచుమోత కూడా దాని చెవిన పడుతూనే ఉంటుంది. మొదట గొలుసు గుంజుతుంది, మొరుగుతుంది. తోక కాళ్ల మధ్యకు పోతుంది. ఊరికే మూతి నాక్కుంటుంది, నిద్ర రాకున్నా ఆవులిస్తుంది, కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూస్తుంది. చివరికి గోడ మూలకు ముడుచుకుని కదలకుండా పడి ఉంటుంది. అప్పుడు మనం "సూసినవా, అలవాటైంది" అంటాం. మోసపోయేది అక్కడే.

1967లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మార్టిన్ సెలిగ్మన్, స్టీవెన్ మేయర్ కొన్ని కుక్కలకు తప్పించుకునే దారి లేకుండా కరెంటు షాకులు ఇచ్చారు. తర్వాత వాటిని చిన్న అడ్డు దూకితే షాకు తప్పే పెట్టెలో వదిలారు. అయినా చాలా కుక్కలు దూకలేదు, ఉన్నచోటే ఉండి భరించాయి. షాకును తామే ఆపుకునే వీలు ముందు నుంచీ ఉన్న కుక్కలు మాత్రం తొందరగానే దూకడం నేర్చుకున్నాయి. ఆ ప్రయోగం క్రూరమైనదే, దాన్ని నేను సమర్థించను. కానీ ఆ కుక్కలు పడ్డ బాధ మనకు చెప్పింది మరిచిపోకూడదు. కిక్కురుమనకుండా పడి ఉన్న కుక్క ఆశ వదిలేసుకుని ఉండొచ్చు. ధైర్యం వచ్చిన కుక్క లేచి తిరుగుతుంది, వాసన చూస్తుంది, వెనక్కి పోయి మళ్లీ వస్తుంది. వెనక్కి పోయే దారి ఉందన్న నమ్మకమే దాన్ని ముందుకు నడిపిస్తుంది.

"రెండు తగిలియ్యి, ఇంటికి పెద్ద ఎవరో తెలవాలె" అన్నది ఇంకో మాట. ఈ పెత్తనం సిద్ధాంతానికి మూలం 1947లో రుడాల్ఫ్ షెంకెల్ బంధించి ఉంచిన తోడేళ్ల మీద రాసిన పరిశీలన. 1970లో డేవిడ్ మెక్ తన పుస్తకంతో దానికి ప్రచారం తెచ్చాడు, అడవిలో తోడేళ్లను ఏళ్ల తరబడి చూశాక 1999లో తనే దాన్ని సవరించాడు. అడవిలో తోడేళ్ల గుంపు అంటే తల్లి, తండ్రి, పిల్లలు. అక్కడ గద్దె కోసం కొట్లాట లేదు. మనం మాత్రం ఇంకా ఆ పాతమాట పట్టుకునే కర్ర ఎత్తుతున్నాం. గుర్రుమన్నందుకు కొడితే కుక్క గుర్రుమనడం మానేస్తుంది, భయం మాత్రం అలాగే ఉంటుంది. ఈసారి చెప్పకుండానే కరుస్తుంది. గుర్రుమంటే ఆగండి, రెండడుగులు వెనక్కి వేయండి.

"దగ్గరికి తియ్యకు, భయం ముదురుతది" అన్నదీ తప్పే. కూర్చో అంటే కూర్చున్నందుకు ముక్క పెడితే కూర్చోవడం పెరుగుతుంది. భయం అలా కావాలని చేసే పని కాదు, ఓదార్చినంత మాత్రాన పెరగదు. తనంతట తాను వచ్చి మీ కాళ్లకు ఆనుకుంటే ఆనుకోనివ్వండి, మెల్లగా నిమరండి. మంచం కిందికి దూరిన దాన్ని కాళ్లు పట్టి లాగి ఒళ్లో మాత్రం కుక్కుకోవద్దు.

మిరపకాయతో కడుపు మండుతుంది, మండే కడుపుతో ఉన్న కుక్క చిరాకుగా ఉంటుంది. దాన్నే మనం రోషం అనుకుంటున్నాం. ఇంట్లో పెద్దవాళ్లు వేసుకునే నిద్రమాత్ర సగం విరిచి పెట్టడం ఇంకా ప్రమాదం. కొన్ని మత్తుమందులు ఒంటిని కదలనివ్వవు గానీ లోపలి భయాన్ని ముట్టవు. భయానికి పనిచేసే మందులు వేరే ఉన్నాయి, అవి డాక్టరు తూకం చూసి రాయాలి. పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం వారి కళాశాల మన కోరుట్లలోనే ఉంది. ఇన్నాళ్లూ ధీమాగా ఉన్న కుక్క ఉన్నట్టుండి బెదురుతోందంటే చెవిలోనో, పంటిలోనో, కీళ్లలోనో నొప్పి ఉందేమో ముందు చూపించాలి.

మరి చేయాల్సిందేమిటి? టపాకాయల చప్పుడు ఫోన్‌లో పెట్టండి, కుక్క చెవి కదిపి ఊరుకునేంత తక్కువగా. చప్పుడు వినబడ్డ వెంటనే ఉడికించిన కోడిమాంసం ముక్క ఒకటి, చిటికెనవేలి గోరంత. ఉప్పూ కారం వద్దు, ఉల్లిగడ్డ అసలే వద్దు. చప్పుడు ముందు రావాలి, ముక్క తర్వాత రావాలి. తిరగేస్తే ముక్క కనబడగానే ఏదో మోత రాబోతోందని కుక్క తిండికే బెదురుతుంది. ముక్క తీసుకోకుండా మొహం తిప్పిందంటే మోత ఎక్కువైనట్టు. తగ్గించండి లేదా ఆ రోజుకు ఆపేయండి. కొత్త మనుషులకు, బండ్లకు, బ్యాండుమేళానికీ ఇదే పద్ధతి, అక్కడ మోత మెల్లగా పెంచడానికి బదులు దూరం తగ్గిస్తూ రావాలి. తలుపు తెరిచే ఉండాలి, గొలుసు వదులుగా ఉండాలి. కొన్ని కుక్కలకు నెలలు పడుతుంది.

కుక్కపిల్ల ఉంటే ఇంకా తేలిక. స్కాట్, ఫుల్లర్ 1965లో వెలువరించిన పరిశోధన ప్రకారం పుట్టిన 3వ వారం నుంచి 12వ వారం దాకా చూసినవీ విన్నవీ దానికి ప్రపంచంగా కుదురుకుంటాయి. "గడప దాటనియ్యకు" అన్న సలహా ఆ వారాలను వృథా చేస్తుంది. టీకాలు పూర్తయ్యేదాకా కింద దింపకుండా చంకనెత్తుకునైనా సంత, బస్టాండు దూరం నుంచి చూపించి తేవచ్చు.

1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ కింద కుక్కను కొట్టి హింసించడమూ, పొట్టి గొలుసుతో ఎడతెగకుండా కట్టేయడమూ నేరాలే.

దీపావళికి మీ ఇంట్లో ఇంత చేయండి. పొద్దు గూకకముందే తిప్పి తీసుకురండి, తిండి పెట్టండి. లోపలి అర్రలో మంచం కిందో బల్ల కిందో పాత బొంత పరిచి, కిటికీలు మూసి, ఫ్యాను వేయండి. మెడపట్టీ మీద ఫోన్ నంబరు రాయండి. వీధి తలుపు గడియ పెట్టి, అర్ర తలుపు తెరిచి ఉంచండి. బయటికి లాగవద్దని పిల్లలకు చెప్పండి. దానికి రావాలనిపించినప్పుడు అదే వస్తుంది.