వెయ్యీ ముప్పయ్యైదు రూపాయల యోగ్యతాపత్రం

మా కారులో పెళ్లికి బయల్దేరేవాళ్లు ఇంట్లోనే భోంచేసి ఎక్కుతారు. నేను స్టీరింగు పట్టుకుంటే ముహూర్తం సంగతి దేవుడెరుగు, ఆఖరి బంతికైనా అందుతామో లేదోనని వాళ్ల బెంగ. వెనకనుంచి హారను మోగితే పక్కకి తప్పుకుని, దారిచ్చి, కుదిరితే నమస్కారం కూడా పెట్టే రకం నేను. అట్లాంటి నా ఫోనుకి అతివేగం చలానా వచ్చింది. ఆ రోడ్డు మీద పరిమితి 60, మా కారు 78. జరిమానా వెయ్యి, యూజర్ చార్జీలు 35.

"నాన్నా, లింకు నొక్కకు! చలానా పేరుతో ఫోన్లోకి దొంగ యాప్ దింపి, ఖాతా ఊడ్చేస్తున్నారు," అన్నాడు మావాడు. జాగ్రత్త మంచిదే. పోలీసుల అసలు సైటుకే వెళ్లి బండి నంబరు కొట్టాం. ఉంది. ఫొటోతో సహా ఉంది.

"మెషీను పాడైపోయి ఉంటుందిలెండి," అంది మా ఆవిడ, ఓదార్పుగా.

జరిమానా కంటే ఆ ఓదార్పే ఎక్కువ బాధించింది నన్ను.

సాయంత్రానికి మా బావమరిది దిగాడు. లా రెండో ఏడాదిలో మానేశాడు గానీ, వాదించడం మాత్రం మానలేదు. "కట్టొద్దు బావా, కోర్టుకెళ్దాం. 2021 ఆగస్టులో కేంద్రం మోటారు వాహనాల నిబంధనల్లో 167ఎ అని ఒకటి చేర్చింది. కెమెరా నిఘా ఉన్న చోట, ముందే కనబడేలా హెచ్చరిక బోర్డు పెట్టాలి. ఆ పరికరానికి ధ్రువపత్రం ఉండాలి, దాన్ని ఏటేటా రెన్యువల్ చేయించాలి. 15 రోజుల్లోగా నోటీసు పంపాలి. నువ్వు బోర్డు చూశావా?"

నేను డ్రైవింగులో రోడ్డు తప్ప ఇంకేమీ చూడనని అందరికీ తెలుసు.

"పోనీ, ఈ ఫొటో చూడు. నీ వెనక నల్ల కారు లేదూ? లేజరు గన్నులోంచి వెలుతురు వెళ్లి, బండికి తగిలి వెనక్కి రావాలి. ఆ వచ్చే టైములో తేడాని బట్టి స్పీడు లెక్క కడతారు. అది వాడికి తగిలి ఉంటుంది. 78 వాడిది బావా, నీది కాదు!"

ఎవడో ముక్కూమొహం తెలియని నల్లకారు వాడికి నా 78 ఎత్తి ఇచ్చేస్తున్నాడు. గుండె చివుక్కుమంది.

"సరే, గెలిచామనుకో. ఏమొస్తుంది?"

"నువ్వు అంత స్పీడుగా వెళ్లలేదని తేలిపోతుంది!"

ఆ సంగతి తేల్చడానికి కోర్టెందుకు? మా బంధువుల్లో ఎవర్నడిగినా ఉచితంగా చెబుతారు. పైగా ఒక రోజు సెలవు, పెట్రోలు, పార్కింగు, జిరాక్సులు, వకీలు ఫీజు. వెయ్యీ ముప్పయ్యైదు మిగుల్చుకోడానికి అంతకు మూడింతలు పెట్టి, చివరికి నేను మెల్లగానే నడుపుతానని ప్రభుత్వ ముద్రతో రాయించుకోవాలి. కడితేనో, వేగంగా నడిపానని ప్రభుత్వ రికార్డుల్లో శాశ్వతంగా ఉంటుంది.

కట్టేద్దామని ఫోను తీశానో లేదో, పై ఫ్లాటు మేష్టారు అడ్డుపడ్డారు. "తొందరపడకండి సార్! 2022 మార్చిలో పేరుకుపోయిన చలానాల మీద బైకులకి 75 శాతం, కార్లకి 50 శాతం తగ్గించారు. 2023 డిసెంబరులో బైకులకి 80, కార్లకి 60. చెప్పిన గడువు దాటాక కూడా పొడిగించుకుంటూ పోయారు. ఇవాళ పూర్తిగా కట్టినవాడు వెర్రివాడు." ఆయన స్కూటరు మీద చలానాలు పేరుకుని, స్కూటరు ఖరీదుని దాటే దశలో ఉన్నాయి. అయినా నిబ్బరంగా ఉన్నారు. కట్టడం, పోరాడడం అని చట్టం రెండే దారులు చూపిస్తే, ఆషాఢం సేల్ కోసం చీర వాయిదా వేసే మనవాళ్లు మూడోది కనిపెట్టారు.

నాకు మాత్రం మనసొప్పలేదు. అరవై శాతం తగ్గించి కొన్న గౌరవం అరవై శాతం తక్కువగానే ఉంటుందేమోనని అనుమానం.

ఇలా ముగ్గురం హాల్లో తర్జనభర్జన పడుతుంటే, మా ఆవిడ వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. "కట్టేశాను. ఇక కాఫీలు తాగి లేవండి."

"నువ్వెందుకు కట్టావు?"

"బండి నా పేరు మీదే కదండీ. మా ఆఫీసు లోనుతో కొన్నాం. చలానా కూడా నా పేరునే వచ్చింది, చూళ్లేదా?"

చూళ్లేదు. వేగం దగ్గరే ఆగిపోయాయి నా కళ్లు.

బావమరిది అప్పటికే రసీదు ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టేశాడు. 'మా అక్క స్పీడు 78!' అని. పెద్దత్తయ్య మూడు బొటనవేళ్లు పంపింది. పినమామగారు, "అమ్మాయ్, ఈసారి పెళ్లికి కారు నువ్వే నడుపు, టైముకి చేరతాం," అని రాశారు.

మా ఆవిడకి డ్రైవింగ్ రాదు. ఆ సంగతి గ్రూపులో చెప్పమన్నాను. "చూద్దాంలెండి," అని ఫోను చేతిలోకి తీసుకుని, వరసగా వస్తున్న అభినందనలకి ఒక్కొక్కటిగా థాంక్స్ చెప్పుకుంటూ కూచుంది.