రావుగారి మహావంశము

పరిశోధన చేయుట దుష్కరమని పెద్దలు చెప్పుదురు; నేనందుకు సమ్మతింపను. పరిశోధన యెట్లో జరిగిపోవును. జరిగిన పిమ్మట, ఏయే విద్వాంసుల వ్రాతలను చూచి మనమా మాటలు వ్రాసితిమో ఆ విద్వాంసుల నామధేయములను గ్రంథాంతమున వరుసదీర్చి, ఏ పేరు వెనుక చుక్క నిలువవలయునో, ఏ చుక్క వెనుక కామా రావలయునో, సంవత్సరము కుండలీకరణముల లోపల నుండవలయునో బయట నుండవలయునో తెలిసికొని, విశ్వవిద్యాలయమువారు దయచేసిన శాసనపత్రమునకు రవంతయు భంగము రాకుండ పట్టిక కూర్చుట యున్నదే, అది దుష్కరము. సిద్ధాంతవ్యాసము లోపల నేమున్నదో చదువని పరీక్షకుడు ఉన్న నుండవచ్చును గాని, తన పేరు పట్టికలో నున్నదో లేదో చూచుకొనని పరీక్షకుని గూర్చి నేనింతవఱకు వినలేదు.

మా చెల్లెలి కుమారుడు కీటకశాస్త్రమున పరిశోధకుడు. 2021లో మా పర్చూరు సీమ మొదలుకొని గుంటూరు దాటి మిరపతోటల పూవులలో చొరబడి, పూత నిలువనీయక, ఎకరములకు ఎకరములు దున్నివేయవలసిన దుఃస్థితిని రైతునకు తెచ్చిపెట్టిన నల్లతామరపురుగు అతని విషయము. పురుగును గూర్చి అతనికి నేను చెప్పదగిన దేమియు లేదు. నల్లరేగడి దున్నిన వంశమున పుట్టియు తెలుగు పంతులుగా బ్రతుకు వెళ్ళబుచ్చినవాడను. అయినను, పట్టిక వ్రాయవలసిన ఘడియ సమీపించినప్పుడు అతడు ల్యాప్‌టాపు చంకనబెట్టుకొని మా యింటికి వచ్చి, "మావయ్యా, చుక్కలూ కామాలూ నీకైతే బాగా తెలుసుగా, కాస్త చూసిపెట్టు" అనెను. బాలవ్యాకరణము ఆమూలాగ్రముగా చదివినందుకు నాకు దక్కిన గౌరవమింతియే.

ఈ కాలపు పిల్లలు పట్టికను చేతితో వ్రాయరు. అందులకై సాఫ్ట్‌వేరులు కలవు: ఎండ్‌నోట్, మెండలే, జొటెరో మొదలగునవి. వీనిలో జొటెరో యనునది 2006లో అమెరికాలోని జార్జి మేసన్ విశ్వవిద్యాలయపు చరిత్రకారులు కొందఱు కూడి నిర్మించి, ఉచితముగా లోకమునకు విడిచినది. ఒక వ్యాసమును చూపిన చాలును, కర్త పేరు, శీర్షిక, పత్రిక, సంపుటము, పుటలు అన్నియు తానే గ్రహించి గడులలో నింపుకొని, అడిగినప్పుడు అడిగిన రూపమున పట్టికగా నిచ్చును. అడిగిన రూపము అన్నచోటనే కథ మొదలగుచున్నది. ఆ రూపములను నిర్దేశించుటకు ప్రత్యేకముగా నొక సంకేతభాష గలదు. బ్రూస్ డార్కస్ అను భూగోళశాస్త్రజ్ఞుడు దానికి ఆద్యుడు. ఆ భాషలో లోకులు వ్రాసిపెట్టిన శైలులు నేటికి పదివేలు దాటినవి. పత్రిక పత్రికకు నొక శైలి, ప్రచురణకర్త ప్రచురణకర్తకు నొక శైలి. ఆ పదివేలలో మావాని విశ్వవిద్యాలయపు శైలి మాత్రము లేదు. దానికి గల రూపమెల్ల జిరాక్సు తీసిన కొన్ని పుటలు; ఆ పుటలలో నియమమొక తీరుగను, దాని క్రిందనే యిచ్చిన ఉదాహరణము మఱియొక తీరుగను ఉండును; రెంటిలో నేది పాటింపవలయునని యడిగినచో, రెండును పాటింపుమని కార్యాలయమువా రనిరట.

ఈ చుక్కల శాస్త్రమునకు ఆదిపురుషు డెవ్వడని విచారించితిని. కర్త పేరును సంవత్సరమును కుండలీకరణముల నడుమ నిలుపు ఆచారమును ప్రారంభించినవాడు హార్వర్డునందలి ప్రాణిశాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ లారెన్స్ మార్క్ అనియు, 1881లో పెంకులేని యొకజాతి నత్త యొక్క అండవికాసమును గూర్చి వ్రాసిన వ్యాసమున అతడా పని చేసెననియు తెలిసినది. 1929లో అమెరికా మనస్తత్వశాస్త్రజ్ఞులు ఏడు పుటలలో ముగించిన నియమావళి 2019 నాటి సప్తమముద్రణమున నాలుగువందల పుటలను మించినది. 1978లో వైద్యపత్రికల సంపాదకులు కెనడాలోని వాంకూవరు నగరమున సమావేశమై తమకొక వేరు శాసనమును చేసికొనిరి. నత్తతో మొదలైన శాస్త్రము గనుక పరిశోధకునిది నత్తనడక యగుట సహజము.

శైలిని మార్చుకొను విధాన మెట్టిదనగా, కావలసిన దానికి దగ్గఱగా నున్న శైలి నొకదానిని తెచ్చి, ముందుగా దాని పేరును లోపలి గుర్తింపు వాక్యమును మార్చవలయును. మార్చనివాడు తరువాతి నవీకరణము వచ్చిననాడు మూలశైలి తిరిగివచ్చి తన శ్రమనెల్ల తుడిచివేయుటను కన్నులార చూడగలడు. పిమ్మట కోణపు కుండలీకరణముల మహారణ్యమున ప్రవేశింపవలయును. సంవత్సరమునకు ఇరుప్రక్కల కుండలీకరణములు కావలెనన్న ముందు 'ప్రిఫిక్స్' అనుచోట నొకటి, వెనుక 'సఫిక్స్' అనుచోట నొకటి పెట్టవలయును. కర్తల నందఱ నొక్కచోట కూర్చు భాగమునకు 'మాక్రో' యని పేరు. ఎందఱు కర్తలు మించినచో తక్కినవారిని 'మొదలగువారు' అను మాట క్రింద పూడ్చివేయవలయునో చెప్పుటకు ఒక అంకె, పూడ్చకుండ మిగుల్పవలసిన వారెందఱో చెప్పుటకు మఱియొక అంకె. మావాడు యువకుడు, రేయి తెల్లవార్లు మేలుకొని యన్నియు సరిచేసెను.

తెల్లవారి పట్టికను అచ్చుతీసి చావడిలో పెట్టగా, మిరపకాయలకు తొడిమలు తీయుచున్న మా చెల్లెలు చేయి దులుపుకొని దానిని పైనుండి క్రిందివఱకు చూచి, "అన్నయ్యా, ఈ రావుగారెవరో గానీ ఎంత రాశాడయ్యా! సగం కాగితం ఆయనదే. ఆ తర్వాత రెడ్డిగారు. పాపం శాస్త్రిగారే కాస్త వెనకబడ్డాడు" అనెను.

ఆమె చదివినది సరిగనే చదివినది. ఆంధ్రుని పేరున ఇంటిపేరు ముందు నడచును, పెట్టినపేరు దాని వెనుక వచ్చును, గౌరవవాచకము కడపట నిలుచును. పాశ్చాత్యపండితుల లెక్కలో కడపట నున్నదే వంశనామము. వ్యాసమును ప్రకటించిన పత్రికవారే రావును వంశనామపు గడిలో వేసి, తక్కిన పేరునెల్ల రెండు మూడు పొడి అక్షరములుగా నలిపి పంపగా, సాఫ్ట్‌వేరు పాపము తన కందినదానిని వరుసబెట్టినది. అందువలన బంధుత్వము గాని, గోత్రసామ్యము గాని, ఒకరి ముఖ మొకరు చూచిన పరిచయము గాని లేని శ్రీకాకుళపు రావును, ఖమ్మపు రావును, మా గుంటూరు రావును ఒక్క తల్లి బిడ్డలై పట్టికలో బారులుదీరిరి. సంఘసంస్కర్తలు నూఱేండ్లు పాటుపడియు సాధింపలేని కులగోత్రరహిత సమానత్వమును ఒక పట్టిక నిమిషమాత్రమున సాధించినది.

ఇది మావాని పట్టికకే కలిగిన విపత్తు కాదు. 1920లో హడగళ్ళిలో జన్మించి, 102 ఏండ్లు జీవించి, లోకమునందలి గణాంకశాస్త్రజ్ఞులలో అగ్రగణ్యుడైన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు ఏ గ్రంథపు పట్టికలో చూచినను 'రావు, సి. ఆర్.' మాత్రమే, కల్యంపూడివారి కంతకును మిగిలినది ఒక్క 'సి'. 1945 నాటి వ్యాసమున ఆయన నిరూపించిన ప్రసిద్ధ సూత్రమునకు క్రామర్–రావు అసమానత యని పేరు. అందు స్వీడనుదేశీయుడగు క్రామర్ గారిది వంశనామము, మనవారిది గౌరవవాచకము. కావున దానిని అసమానత యనుట గణితమునకు వెలుపల గూడ సార్థకమే. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి సంగతియు నట్టిదే. రక్తమునందును మూత్రమునందును గల భాస్వరమును రంగునుబట్టి కొలుచు పద్ధతిని ఫిస్క్ అను సహకర్తతో కలిసి 1925లో ఆయన ప్రకటించిన వ్యాసమును లోకమందలి జీవరసాయనశాస్త్రజ్ఞు లందఱు ఉదాహరించిరి. ఉదాహరించిన ప్రతివాడును తండ్రి పెట్టిన పేరునే వంశనామముగా చేసెను. కడకు ఆయన గౌరవార్థము ఒక బూజుజాతికి పేరు పెట్టినప్పుడుసైతము 'సుబ్బారోమైసిస్' అనిరే గాని యల్లాప్రగడ ఊసెత్తలేదు. ఇక నిడుబ్రోలు గ్రామపు గోగినేని రంగనాయకులుగారు ఎన్. జి. రంగా యగుటలో నాయకులు ముందునకు వచ్చి, గోగినేని నడుమ నిలిచి, రంగడు కడపటికి చేరెను. సాఫ్ట్‌వేరు పుట్టకమునుపే ఆ మహనీయుడు దానికి కావలసిన సదుపాయము చేసి యుంచెనని తోచుచున్నది.

తెలుగువాని పేరునకు లేని మర్యాద డచ్చివాని 'వాన్' అను చిన్న ముక్కకు గలదు. వాన్ గో అను చిత్రకారుని 'వ' క్రింద చేర్పవలయునా, 'గ' క్రింద చేర్పవలయునా యను ధర్మసందేహమును తీర్చుటకై ఈ సంకేతభాషలో ప్రత్యేకముగా నొక సూత్రమును, దానికి మూడు వికల్పములును ఏర్పఱచిరి: వాన్‌ను ఎన్నడును కదల్పకుండుట, వరుస దీర్చునప్పుడు మాత్రము వెనుకకు నెట్టుట, వరుసలోను వ్రాతలోను గూడ నెట్టుట. చీనా జపాను లిపులలో వ్రాసిన పేరులయందు ఇంటిపేరే ముందు నడచునను జ్ఞానమును వారికి గలదు. 2011 జనాభా లెక్కలనుబట్టి ఎనిమిది కోట్లకు పైబడిన తెలుగువారు రోమను లిపిలో పేరు వ్రాసికొనినప్పుడు మాత్రము ఏ వికల్పమును లేదు.

నాకు పౌరుషము కలిగినది. "ఒరేయ్, రావుగార్లందఱి ఇంటిపేర్లు కనుక్కొని ముందుకు తెద్దాం" అంటిని. మావాడు నా వంక జాలిగా చూచి, "మావయ్యా, మా ఎగ్జామినర్ గారు కూడా రావుగారే. ఆయన 'ఆర్' కింద వెతుక్కుంటారు. అక్కడ కనబడకపోతే నన్ను వెతుక్కుంటారు" అనెను. వాని ప్రాణమునకు నా పౌరుషమును అడ్డుపెట్టుట న్యాయము కాదని యూరకుంటిని.

పౌరుషము మాత్రము చల్లాఱలేదు. నేను తెలుగు పుస్తకముల పట్టిక యొకటి చేసికొనుచుండుట వలన, అదే సాఫ్ట్‌వేరున దానిని కూర్పుమని వానిని నియోగించితిని. తొలి ఫలము ఆంధ్రమహాభారతమునకు కలిగినది. ముగ్గురు కర్తలున్నచో మొదటివాని నుంచి తక్కినవారిని 'మొదలగువారు' చేయుమని శైలి శాసించుచుండుటచే, రెండున్నర పర్వములు వ్రాసిన నన్నయభట్టారకునకు గ్రంథమంతయు సంక్రమించి, పదునైదు పర్వములు వ్రాసిన తిక్కన సోమయాజియు, అరణ్యపర్వశేషమును పూరించిన ఎఱ్ఱనయు మొదలగువారైరి. ప్రోలయ వేమారెడ్డి యాస్థానమున మా పొరుగుననున్న అద్దంకిలో వెలుగొందిన ఎఱ్ఱన కిట్టి యవమానము జరుగుట స్థానికాభిమానము గల నాకు దుస్సహమయ్యెను. తొలికర్తను కడపటికర్తను మిగిల్చి, నడిమివారి స్థానమున చుక్కలు పెట్టు మఱియొక సూత్రము గలదని మావాడు చెప్పగా అది పెట్టించితిని. ఎఱ్ఱన బ్రతికెను, తిక్కన మూడు చుక్కలయ్యెను. నెల్లూరివారికి ఈ సంగతి తెలియనీయకుడని ప్రార్థన.

తిరుపతి వేంకట కవులు మఱింత చిక్కు తెచ్చిరి. తిరుపతి శాస్త్రిగారు గతించిన పిమ్మటను జంటలో రెండవవారగు చెళ్ళపిళ్ళవారు జంటపేరుతోనే గ్రంథములు వెలయించిరి. వారిని ఇరువురని వ్రాయవలయునా, ఒకరని వ్రాయవలయునా? ఒకరని వ్రాయగా 'కవులు, తి. వేం.' అని వచ్చెను. వేంకట పార్వతీశ కవులును 'కవులు, వేం. పా.' యై వచ్చి ప్రక్కన నిలువగా, తెలుగుదేశమున కవులు అను ఇంటిపేరు గల యొక కుటుంబ మున్నట్లు తేలినది. శ్రీశ్రీకి నడుమ ఖాళీ యొకటి పడుటచే ఆయన ఇంటిపేరు శ్రీ, పెట్టినపేరు శ్రీ అయ్యెను. 1932 నాటి సౌందరనందము కర్తలను 'లక్ష్మీకాంతం, పిం. మరియు రావు, కా. వేం.' అని చూచినప్పుడు, కాటూరివారును రావులలో కలిసిపోయిరే యను దుఃఖమున ఆ 'మరియు'ను దిద్దుటకైనను నాకు చేయి రాలేదు.

ప్రచురణస్థలపు గడిలో మాత్రము నాకు కొంత యూరట కలిగినది. పర్చూరు 1970 వఱకు గుంటూరు జిల్లా, పిదప ప్రకాశము, 2022 నుండి బాపట్ల. ఊరు అంగుళమైన కదలక మూడు జిల్లాలు తిరిగినది. ఇక్కడ అచ్చయిన పుస్తకమునకు ఏ జిల్లా పేరు వ్రాయవలయునని తగవులాడుచుండగా, మనస్తత్వశాస్త్రజ్ఞులు తమ సప్తమముద్రణమున ప్రచురణస్థలమునే తీసివేసిరని తెలిసి వారికి మనసులో నమస్కరించితిని.

ఇంత చేసిన పిమ్మట తేలిన నిర్ణయమిది. పేరు తప్పుగా నింపినచోట శైలి నెంత సవరించినను ఫలము లేదు. గోనెసంచి మార్చినంత మాత్రమున తాలు మిరపకాయ తేజరకము కానేరదు. కవుల పేరులకును సంస్థల పేరులకును, రెండు గడులను ఒక్కటిగా చేయు చిన్న మీట యొకటి గలదు. దానిని నొక్కినచో తిరుపతి వేంకట కవులు చెక్కుచెదరక నిలుతురు, శ్రీశ్రీ విడిపోడు. ఇంటిపేరును వంశనామపు గడిలోనే నింపినచో గిడుగువారు గిడుగువారుగనే వరుసకెక్కుదురు. 'మొదలగువారు' వలదనుకొన్నవారు కర్తల అంకెను పెంచుకొనవచ్చును. నేనట్లు చేసి తిక్కనగారిని స్వస్థానమున ప్రతిష్ఠించితిని. ఇక నేడు వ్యాసములు ప్రకటింప నారంభించు యువకులు మొదటి వ్యాసమునాడే తమ ఇంటిపేరు ఏ గడిలో పడుచున్నదో చూచుకొందురు గాక. 2012 నుండి పరిశోధకులకు ఓర్‌సిడ్ అను 16 అంకెల సంఖ్య యొకటి ఉచితముగా నిచ్చుచున్నారు, దానినిగూడ పుచ్చుకొందురు గాక. రావులెందఱున్నను ఆ సంఖ్య ఒక్కనికే చెందును.

విశ్వవిద్యాలయములవారికి నాదొక విన్నపము. జిరాక్సు పుటలను మాని, మీ నియమములన్నియు పాటించు శైలిఫైలు నొకదానిని చేయించి, అందఱు శైలులు దాచుకొను ఆ ఉమ్మడి భాండారమున చేర్పుడు. అచట చేర్చుటకు గాని, అచటినుండి తీసికొనుటకు గాని రుసుము లేదు. చేయగలవాడు దొరకనిచో మా మేనల్లుడు పర్చూరులోనే యున్నాడు. మిరపకోతలు ముగిసినచో వానికి తీరికయే.