ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆవకాయ కంపెనీ

మన ఊళ్ళో కొట్టు పెట్టాలంటే ముందు 'మనవాడు' ఎక్కడున్నాడో వెతుకుతాం. మున్సిపాలిటీలో ఒకడు, కరెంటాఫీసులో ఒకడు. మా బావమరిది అదే లెక్కతో ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగాడు. ఆవకాయ తెప్పించి అమ్ముదామనుకోగానే వాడు అడిగిన మొదటి ప్రశ్న: "ఇక్కడ మనవాళ్ళెవరున్నారు బావా?"

ఉన్నారు. అందరూ సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్నారు.

జర్మనీలో మామూలు లిమిటెడ్ కంపెనీకి 25,000 యూరోల మూలధనం కావాలి. అంత లేనివాళ్ళ కోసం 2008లో ఒక్క యూరోతో మొదలెట్టుకునే చిన్న రకం తెచ్చారు. ఒక్క యూరో కంపెనీ అంటే ఊళ్ళో నవ్వుతారని బావమరిది పట్టుబట్టి దాన్ని వెయ్యి చేయించాడు.

తర్వాత నోటరీ. మన నోటరీ కోర్టు బయట చెట్టు కింద స్టాంపు గుద్ది చెయ్యి చాస్తాడు. ఇక్కడి నోటరీ పత్రం మొత్తం పైకి చదివి వినిపించాలి, చట్టమే అలా ఉంది. మా జర్మన్ అంతంతమాత్రం కాబట్టి పక్కన దుబాసీ. సత్యనారాయణ వ్రతకథలా, వినకపోతే ఫలం దక్కదన్నట్టు, ఒక్క కామా వదలకుండా చదివాడాయన. మూడో అధ్యాయానికి బావమరిది చేతులు జోడించేశాడు. ఫీజు దగ్గర మాత్రం తేరుకుని బేరం మొదలెట్టాడు. ఆ ఫీజూ చట్టంలోనే రాసి ఉంది. తగ్గిస్తే నోటరీకే తిప్పలు.

ఇక లేబుల్. జర్మన్‌లో ఉండాలి. దినుసుల్ని బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు వరసగా రాయాలి. నూరు గ్రాముల్లో ఉప్పెంతో, కొవ్వెంతో పట్టిక వెయ్యాలి. అత్తయ్యగారికి ఫోన్ చేశాను.

"ఆవపిండి ఎంత వేస్తారు అత్తయ్యా?"

"చేతికి వచ్చినంత."

"గ్రాముల్లో చెప్పాలి."

"గ్రాముల్లో కలిపింది ఆవకాయ ఎలా అవుతుంది బాబూ? అయినా నూరు గ్రాములు ఒక్కడే తింటాడా? వాడికేం జబ్బు?"

అలర్జీ తెప్పించే పదార్థాలంటూ యూరోపియన్ యూనియన్ 14 రకాలు తేల్చింది. అవి ఉంటే లేబుల్ మీద కొట్టొచ్చినట్టు కనబడాలి. ఆవాలు ఆ జాబితాలో ఉన్నాయి. నువ్వులూ ఉన్నాయి. అంటే ఆవపిండీ, నువ్వుల నూనే లావు అక్షరాల్లోకి ఎక్కాయి. కారం మాత్రం జాబితాలో లేదు. దాని సంగతి వాళ్ళకింకా తెలిసినట్టు లేదు.

సీసాకి వేరే రిజిస్ట్రేషన్. అది చెత్తయ్యాక ఏరి రీసైకిల్ చేసే ఖర్చు అమ్మేవాడే ముందుగా కట్టుకోవాలి. "ఖాళీ సీసాలో పోపుగింజలు పోసుకుంటారు, పారేసేదెవరు?" అన్న మా వాదనకి ఫారంలో గడి లేదు.

పోనీ ఆదివారం కొట్టు తెరుద్దామంటే రాజ్యాంగం అడ్డం. ఆదివారపు విశ్రాంతిని కాపాడే వాక్యాన్ని 1919 నాటి వైమార్ రాజ్యాంగం నుంచి ఇప్పటి రాజ్యాంగంలోకి తెచ్చుకున్నారు. మనవాళ్ళకి పచ్చళ్ళు గుర్తొచ్చేదేమో ఆదివారమే.

విసుగొస్తుంది గానీ ఇందులో ఒక సుఖం ఉంది. మాకున్న రూలే పక్క కొట్టు జర్మన్‌వాడికీ. ఎవరికీ చుట్టం కానక్కర్లేదు, ఎవరి గుమ్మం ముందూ పడిగాపులు పడనక్కర్లేదు. కాగితం సరిగ్గా ఉంటే ఆఫీసరుకి మన మొహంతో పనిలేదు.

ఒకరోజు తనిఖీకి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. లేబుళ్ళు చదివాడు, ఫ్రిజ్‌లో థర్మామీటరు పెట్టి చూశాడు, తలూపాడు. బావమరిదికి మర్యాద పొంగుకొచ్చి ఒక సీసా కవర్లో పెట్టి ఇవ్వబోయాడు. ఆయన రెండడుగులు వెనక్కి వేసి, ప్రభుత్వోద్యోగి కానుకలు తీసుకోకూడదన్నాడు.

శనివారం జీన్స్ ప్యాంటులో వచ్చి అదే సీసా డబ్బిచ్చి కొన్నాడు. కొన్నాక కదలడే! బిల్లు కోసమట. 2020 నుంచి కంప్యూటర్ గల్లా ఉన్న కొట్టువాడు అడిగినా అడక్కపోయినా బిల్లు ఇచ్చితీరాలి. ఇచ్చాం. ఏడు శాతం పన్ను సరిగ్గానే వేశామని చూసుకుని సంతోషంగా వెళ్ళాడు.

కారం గురించి ఆయన అడగలేదు, మేం చెప్పలేదు. లావు అక్షరాల్లో లేదు కదా.