నేను గండికోట పటాన్ని

ప్రొద్దుటూరు నా మీద లేదు. నా తూర్పు అంచు దాటి అరజానెడు పోతే తగిలే ఊరది. పులివెందులా లేదు, అది దక్షిణపు అంచుకు జానెడు కిందికి పడింది. జమ్మలమడుగు ఉంది, ముద్దనూరు ఉంది, ఎర్రమల కొండల్ని కోసుకుంటూ పోయే పెన్న ఉంది, ఆ కోత ఒడ్డున గండికోట ఉంది. నన్ను కొని, అతికించి, ఏళ్ళ తరబడి వాడి, చివరికి ఇనుప బీరువా అడుగు అరలో పరిచింది మాత్రం నా మీద లేని ఊరివాళ్ళే. అందుకు కోపం లేదు. నా కోపం వేరే దాని మీద.

నేను ఒక్క షీటును కాను, నాలుగింటిని. భారత సర్వే సంస్థ లెక్కలో 57 జె బై 1, 2, 5, 6. కిలోమీటరు నేల నా మీద రెండు సెంటీమీటర్లు. హైదరాబాదు ఉప్పల్‌లోని సర్వే ఆఫీసులో కొని, గొట్టంలో చుట్టి బస్సులో తెచ్చారు. ఒక లెక్కల మాస్టారు మమ్మల్ని అంచులు కలిపి, మైదా జిగురుతో పాత పంచె గుడ్డకు అతికించాడు. మీటరు పైచిలుకు చదరమయ్యాను. నా పుట్టుక గురించి ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

వంశం గురించి మాత్రం చెప్పుకోవాలి. నా పడమటి అంచు సరిగ్గా 78 డిగ్రీల రేఖాంశం. 1802లో మద్రాసు దగ్గర సెయింట్ థామస్ మౌంటు కింద గొలుసు పరిచి కొలత మొదలుపెట్టిన విలియం లాంబ్టన్, ఆ తర్వాత జార్జ్ ఎవరెస్టు, కన్యాకుమారి వైపు నుంచి హిమాలయాల దాకా దేశాన్ని కొలిచింది ఈ రేఖ వెంటే. 1811లో లాంబ్టన్ తన ఆధార రేఖల్లో ఒకదాన్ని మన గుత్తి దగ్గరే కొలిచాడు. దత్తమండలాలను సర్వే చేయించిన కాలిన్ మెకంజీ ఊరూరా కైఫీయత్తులు, అంటే ఊరి చరిత్రలు, రాయించాడు. వాటిలో గండికోట కైఫీయత్తూ ఉంది. అంత ఎండలో, అంత ముళ్ళకంపలో నడిచినవాళ్ళ చెమటలోంచి వచ్చిన కాగితాన్ని నేను. నన్ను బల్ల మీద పరిచిన ప్రతిసారీ నాకు ఆ సంగతి గుర్తొచ్చేది.

నన్ను కొన్న మా నడకల క్లబ్బుకు బోర్డు లేదు. లెక్కల మాస్టారు, బంగారు అంగళ్ళలో పనిచేసే నలుగురు, మగ్గం నేసే అన్నదమ్ములు, కాలేజీ పిల్లలు. నడకకు ముందు శుక్రవారం రాత్రి బడి గదిలో చేరేవాళ్ళు. రెండు రోజుల ప్రయాణం అక్కడే సగం పూర్తయ్యేది. శనివారం పొద్దున జమ్మలమడుగు బస్సు, అక్కడి నుంచి కాలినడక, గండికోటలో రాత్రి బస, ఆదివారం తిరుగుబాట. చెబితే ఇంతే. దీనికోసం వాళ్ళు నామీద వంగి గంటలు గడిపేవాళ్ళు.

మాస్టారు ముందు తెల్లదారం తీసేవాడు. కాలిబాట చుక్కల గీత ఎన్ని వంపులు తిరిగితే దారాన్ని అన్ని వంపులు తిప్పి, తర్వాత చాపి స్కేలు మీద పెట్టి దూరం చెప్పేవాడు. పిల్లలు గోధుమరంగు సమోన్నత రేఖల్ని లెక్కబెట్టేవాళ్ళు. ఒక్కో గీతకు ఇరవై మీటర్ల ఎత్తు.

“పదిలోపే ఉన్నాయి సార్. రెండొందల మీటర్లు గూడా లేదు కదా ఎక్కేది?”

“ఎక్కేది అంతే అబ్బోడా. ఎండ ఎంత ఎక్కుతాదో దీంట్లో గీయలేదు.”

1892లో స్కాట్లాండులో నైస్మిత్ అనే ఆయన ఒక లెక్క కట్టాడు. మూడు మైళ్ళకు గంట, రెండువేల అడుగుల ఎక్కుడుకు ఇంకో గంట. మాస్టారు దాన్ని నా ఎడమ మార్జిన్‌లో రాసి, పక్కనే మన సీమకు దిద్దుకున్నాడు. పొద్దున పది దాటితే వేగం సగం, మనిషికి నాలుగు లీటర్ల నీళ్ళు, మాఘం దాటాక ఈ నడక లేదు. అదీ పథకమంటే. ఎవరు ఏం మోయాలో, జొన్నరొట్టెలు ఎవరింటి నుంచో, శెనక్కాయల పొడి ఎంతో, మోకాళ్ళ నొప్పులున్నాయన ఎక్కడ ఆగి జీపు ఎక్కాలో, అన్నీ ఆ మార్జిన్‌లోనే తేలేవి. వెనకబడినవాడికి తోడుగా నడిచేవాడి పేరు కూడా ముందే రాసేవాళ్ళు. ఆ పేరు రాయకుండా ఏ బృందమూ కొండెక్కకూడదని నా గట్టి నమ్మకం.

బస సంగతి. 1863లో పుట్టిన స్విస్ ఆల్పైన్ క్లబ్బు ఆ ఏడాదే కొండ మీద తన మొదటి గుడిసె కట్టుకుంది. మన కొండల మీద క్లబ్బులు కట్టిన గుడిసెలు లేవు. మొదట్లో మావాళ్ళు గండికోట ఊళ్ళో ఒక పెద్దాయన పంచలో పడుకునేవాళ్ళు, తర్వాత పర్యాటక శాఖ గదుల్లో. నాకు ఆ పంచే ఇష్టం. లాంతరు వెలుగులో నన్ను పరిస్తే ఊరివాళ్ళు కూడా చుట్టూ చేరేవాళ్ళు. జుమ్మా మసీదు, పక్కన ధాన్యాగారం, మాధవరాయ గుడి, కత్తుల కోనేరు, అన్నీ వేలితో చూపించేవాళ్ళు. పెమ్మసాని నాయకుల కాలం కథలు చెప్పేవాళ్ళు. కోట గోల్కొండ సేనాని మీర్ జుమ్లా చేతికి వచ్చిన కొత్తలో, 1652లో, టావెర్నియర్ అనే ఫ్రెంచి వజ్రాల వర్తకుడు అతణ్ణి వెతుక్కుంటూ ఇక్కడిదాకా వచ్చాడని మాస్టారు చెబితే, ఒక అవ్వ అడిగింది: “అంత దూరం నుంచి వచ్చినోనికి అన్నం ఎవురు పెట్టినారు నాయనా?” ఆ ప్రశ్నకు జవాబు నా మీదా లేదు, మాస్టారు చదివిన పుస్తకాల్లోనూ లేదు.

పెన్న కోత దగ్గర నా గీతలన్నీ ఒకదాని మీద ఒకటి పడిపోతాయి. అంత నిటారు బండను గీతలతో చూపడం ఎవరివల్లా కాదు. పిల్లలు మొదటిసారి ఆ అంచుకు వచ్చి, నన్ను చూసి, కిందికి చూసి, మళ్ళీ నన్ను చూసేవాళ్ళు. కాగితం మీద నల్లగా ముద్దయిన చోటు ఇదా అని నోరు తెరిచేవాళ్ళు. నేను పుట్టినందుకు గర్వపడిన క్షణాలు అవే.

తర్వాత ఫోన్లు వచ్చాయి. నీలి చుక్క ఎక్కడుందో చూసుకుంటే చాలన్నారు. చుక్క మంచిదే, నేను చెప్పలేని ఒక మాట అది చెబుతుంది: నువ్విప్పుడు ఎక్కడున్నావో. కానీ దానికోసం శుక్రవారం రాత్రి ఎవరూ చేరలేదు. నీళ్ళు ఎవరు మోయాలో ఎవరూ రాయలేదు. తోడు నడిచే మనిషి పేరు అసలే రాయలేదు. మాస్టారు రిటైరై కొడుకు దగ్గరికి పోయాక నన్ను మడిచేవాళ్ళకు మడత కూడా తెలియలేదు. తిరగమడత పెట్టారు. మడతలు కలిసేచోట చిరుగు పడింది, అదీ సరిగ్గా కోట మీదే. ఒకరు నా మీద మిరపకాయ బజ్జీలు పెట్టుకుని తిన్నారు. ముద్దనూరు పైన ఒక గుట్ట ఆ నూనెలో ఇప్పటికీ కనబడదు. ఒక వానాకాలం కిటికీ పక్కన తడిశాను. ఎవరో నన్ను అట్టలా పనికొస్తుందని బీరువా అడుగున పరిచి, పైన పాత పరీక్ష పేపర్ల కట్టలు పేర్చారు. ఆ బరువు కింద ఎన్ని దసరాలు పోయాయో. వీధిలో అమ్మవారి ఊరేగింపు డప్పులు వినబడేవి. కార్తీకం దగ్గరపడిందని, ఇప్పుడు ఎవరో ఒకరు నడకకు లేస్తారని ఆశపడేదాన్ని. ఎవరూ బీరువా తెరవలేదు. ముందు పురుగు వచ్చింది, ఆ తర్వాత చెద.

అయినా నా అసలు బాధ చెద కాదు.

బీరువాలోకి పోకముందు ఒకసారి జమ్మలమడుగు టీ అంగడిలో నన్ను బల్ల మీద పరిచారు. పక్కన టీ తాగుతున్న ఒకాయన లేచి వచ్చాడు. నా మీది పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి, ఆయనకు చదవరాదు. వంక మలుపు పట్టుకుని వేలితో జరుపుకుంటూ పోయి ఒకచోట ఆగాడు. “ఇదో సామీ, మా తాళ్ళప్రొద్దుటూరు. ఇది గుడి. ఇది మా బాయి కాడికి పొయ్యే దోవ.” గండికోట ఎగువన పెన్నకు అడ్డంగా కట్టిన జలాశయంలో 26.85 టీఎంసీల నీళ్ళు నిలుస్తాయి. గాలేరు–నగరి కాలువ మీదుగా శ్రీశైలం నుంచి కృష్ణ నీళ్ళు అందులోకి వస్తాయి. కరువు సీమకు ఆ నీళ్ళు ఎంత అవసరమో నాకు తెలుసు. నా మీద ఎండిన వంకలెన్నో నేనే మోస్తున్నాను. ఆ నీళ్ళ కింద ఇరవైకి పైగా ఊళ్ళున్నాయి. 2020లో నీటిమట్టం పెంచేసరికి తాళ్ళప్రొద్దుటూరు ఖాళీ అయింది. ఫోను పటంలో అక్కడ నీలం మాత్రమే. నా మీద ఇళ్ళున్నాయి, దోవలున్నాయి.

పోయిన నెల బీరువా అమ్మేస్తూ నన్ను బయటికి లాగారు. ఒక అమ్మాయి నన్ను దులిపి, చుట్టి, ఇంటికి తీసుకుపోయింది. కార్తీకంలో స్నేహితురాళ్ళతో గండికోట నడుస్తుందట. అమ్మా, జలాశయం గట్టును నీలి పెన్సిల్‌తో నా మీద గీయి, కానీ కింద ఉన్న ఊళ్ళను చెరపొద్దు. చిరిగినచోట వెనకవైపు గుడ్డ అంటించు, ముందువైపు టేపు వేయొద్దు. నీళ్ళు దొరికే చోట్లు ఎడమ మార్జిన్‌లో మాస్టారు రాసిపెట్టాడు, సిరా వెలుస్తోంది. అవి ఎత్తి రాసుకున్నాక, వాటి కింద తోడు నడిచే మనిషి పేరు కూడా రాయి.